నీలి గోళ్ళవాళ్ళ శాసనం

"చేతులు చూపించు."

సభాభవనం గుమ్మంలో కావలివాడి ఈటె అడ్డుపడింది. అద్దకంవాళ్ళందరూ ఎన్నుకుని పంపిన జేఖర్ చేతులు చాచాడు. పది గోళ్ళూ నీలం. నీలి గోళ్ళవాడు సభలో అడుగుపెట్టరాదని నగర శాసనం.

"సభకి రావాలని అంత ముచ్చటగా ఉంటే, గోళ్ళు బయట వదిలి రమ్మనండి," అన్నాడు నగరపెద్ద బౌదవైన్. మిగతా పదకొండుమంది పెద్దలూ నవ్వారు. పటకారు వచ్చింది. పది గోళ్ళూ ఊడాయి.

ఆ పుండ్ల జ్వరంతోనే తొమ్మిదో రోజున జేఖర్ చనిపోయాడు. అన్న చేతుల కట్లు విప్పి కడిగిన లైస్బెట్ ఏడవలేదు. తిరిగి రంగుతొట్టి దగ్గరికి పోయి నిలబడింది.

ఆ వారమే లేయె నది ఒడ్డున మగ్గాలు ఆగాయి. ఉన్నిబట్ట తొక్కి చిక్కబరిచేవాళ్ళు నీటిగుంటల్లోంచి కాళ్ళు తీశారు. అందరూ అద్దకపు కొట్టంలో కూడి కొత్త శాసనం రాయించారు: పనిచేసే ప్రతి వృత్తికీ, గోళ్ళ రంగేదైనా, సభలో ఒక పీట.

"వాళ్ళ ముద్ర పడందే చెల్లదు గదే పిల్లా," అన్నాడు ముసలి అద్దకంవాడు యోస్.

"భవనం తగలబెడదాం!" అరిచాడొక నేతగాడు.

"తగలబెట్టి ఎక్కడ కూచుంటావురా?" అంది లైస్బెట్. "తొట్టి మోయడానికి ఎనిమిదిమంది రండి. వాళ్ళ శాసనం వాళ్ళకే అమలుచేద్దాం."

సంతరోజు చౌకు కిటకిటలాడింది. సభాభవనం మెట్లమీద పన్నెండుమంది పెద్దలు, వాళ్ళ ఎదుట మోసుకొచ్చిన నీలిరంగు తొట్టి.

"పాత శాసనంలో ఒక్క అక్షరం మారదు," అన్నాడు బౌదవైన్, మెడలోని ముద్రను గుప్పిట బిగించి.

"మారనక్కర్లేదు దొరా," అంది లైస్బెట్. "చేతులిటివ్వండి."

జనం కదిలింది. పన్నెండుమందినీ వంచి చేతుల్ని మోచేతులదాకా తొట్టిలో ముంచింది, పట్టి ఉంచింది, వదిలింది.

బౌదవైన్ చేతులు చూసుకున్నాడు. లేత పసుపు. "మీ రంగూ మీలాగే, ఉత్త నీళ్ళు!" అని నవ్వాడు.

నీలం తొట్టిలో పుట్టదు, గాలిలో పుడుతుంది. అది చౌకులో వేలమందికి తెలుసు, ఆ పన్నెండుమందికి తెలియదు. పసుపు పచ్చబడింది. పచ్చ ముదిరింది. గోళ్ళ మొదళ్ళలో నీలం నిలిచింది.

బౌదవైన్ భవనంలోకి ఉరికాడు. గుమ్మంలో ఈటె అడ్డుపడింది. ఆ రోజు జేఖర్‌ను ఆపిన కావలివాడే.

"చేతులు చూపించండి దొరా."

"నేనురా! కళ్ళు పోయాయా?"

"గోళ్ళు కనిపిస్తున్నాయి దొరా. తమరి శాసనమే."

చౌకు గొల్లున నవ్వింది.

"ఇది ఎప్పటికి పోతుంది?" అన్నాడు బౌదవైన్, చేతులు అంగీకి రుద్దుకుంటూ.

"ఏమో దొరా, నాది నలభై ఏళ్ళుగా పోలేదు," అన్నాడు యోస్.

లైస్బెట్ కొత్త శాసనాన్ని మెట్టుమీద పరిచింది. "ఇది చెల్లితేనే ఆ ఈటె లేచేది."

ముద్ర పడింది. ఈటె లేచింది. బౌదవైన్ అడుగు వేయబోయాడు. ఆమె భుజం అడ్డుపెట్టింది.

"ముందు మేం. జేఖర్ పీటలో నేను కూచున్నాక తమర్ని పిలుస్తాం. కొత్త సభలో మొదటి విచారణ తమరిదే. వచ్చేటప్పుడు ఆ పటకారు పట్టుకురండి."