జానెడు తగ్గిన గొంగడి

నేను ఒక గొంగడిని. దుప్పటి అనకండి, రగ్గు అనకండి. అవి దుకాణాల్లో మడతపెట్టి అమ్మే సరుకు. నేను నల్లగొర్రెల ఉన్నితో గుంతమగ్గం మీద పుట్టి, చింతగింజల గంజి పట్టించుకుని గట్టిపడినదాన్ని. నేత అయిపోయిన రోజున నేసినాయన నా మీద చెంబెడు నీళ్లు పోసి, కింద అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. చెయ్యి పొడిగానే ఉంది. ఆ పొడి చెయ్యి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పొంగుతుంది.

నన్ను నేయించుకున్నది బీరమల్లు, ఊళ్లో పెద్ద మంద ఉన్న కురుమాయన. తాడిచెట్టంత మనిషి. ఆయన కొలతకు తగ్గట్టే నన్నూ పొడుగ్గా నేశారు. ఎన్నో వానల్లో ఆయనకు ఇల్లయ్యాను, ఎన్నో చలికాలాల్లో పొయ్యినయ్యాను. మా కులంలో పెళ్లిమాట అనుకోవాలన్నా, తగువు తీర్చాలన్నా ముందు గొంగడి పరవాల్సిందే. బీరమల్లు ఇంట్లో నా మీద కూర్చొని ఇచ్చిన మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మనుషులు కాగితాల మీద సంతకాలు పెట్టి కూడా తప్పించుకుంటారని విన్నాను. మా దగ్గర ఆ పప్పులు ఉడకవు.

మోకాళ్లు పట్టేశాక బీరమల్లు ఇంటి గడప దిగడం మానేశాడు. కొడుక్కి ఆటో నడపడమే ఇష్టం, గొర్రెల వాసన గిట్టదు. మంద కోడలు సాయవ్వ చేతికి వచ్చింది. ముసలాయన నన్ను తీసి ఆమె భుజాన వేస్తే ఊళ్లో ముక్కున వేలేసుకున్నారు. "మంద ఎవలు కాస్తే గొంగడి వాళ్లదే" అని ఆయన వాళ్ల నోళ్లు మూయించాడు. సాయవ్వ పొట్టి మనిషి. ఆమె కప్పుకుంటే నా అంచు నేలమీద ఈడ్చుకుపోయి పల్లేరుకాయలన్నీ ఊడ్చుకొచ్చేది. అయినా ఆడమనిషి భుజమెక్కిన మొదటి గొంగడిని నేనే అని నేను ఊరంతా వినేలా ఈడ్చుకుంటూనే నడిచాను.

ఆ ఏడు వానలు వెనకపట్టాక గొర్రెల చెవుల నిండా నెత్తురు తాగే పిడుదులు చేరాయి. సాయవ్వ పొట్టేళ్లను కాళ్ల మధ్య ఇరికించుకుని పిడుదులను ఒక్కొక్కటిగా పీకి బొటనవేలి గోటితో నలిపేసేది. గొర్లు కాసేవాళ్లందరికీ అలవాటే అది. చిటుక్కుమంటే అదో తృప్తి. కొన్నాళ్లకు ఆమెకు జ్వరం పట్టుకుంది. తల పగిలిపోతోందంది. నడుము మడతలో నల్లటి చెక్కు కట్టిన పుండు తేలింది, ఆపైన అరచేతుల నిండా ఎర్రటి చుక్కలు.

వణుకుతూ నన్నే కప్పుకుని దవాఖానకు వెళ్లింది. డాక్టరమ్మ ఆ పుండు చూసింది, అరచేతులు చూసింది, గోళ్ల కింద నల్లదనం కూడా చూసింది.

"పిడుదు వల్ల వచ్చిన జరమని నా అనుమానం. రక్తం పరీక్షకు పంపుతున్న. అది వచ్చేదాక ఆగితే ముదురుతది. ఇయ్యాల్నే గోలీలు మొదలువెట్టు, అన్ని అయిపోయేదాక ఆపొద్దు. మధ్యల ఆపితే జరం మళ్ల తిరగబడుతది, అప్పుడు పాణం మీదికొస్తది" అంది. అప్పుడు ఆమె చూపు నా మీద పడింది. "గిందులనే పండుకుంటవా? దీన్ని వేడినీళ్లతోని ఉతికియ్యి."

ఆమె ఇంకా చాలా చెప్పింది. జ్వరంలో ఉన్న సాయవ్వ చెవికి సగమే ఎక్కింది. నాకు మాత్రం ఆ ఉతకడం అన్న మాట దగ్గరే బుర్ర నిలిచిపోయింది. గొంగడిని ఎండలో వేస్తారు, కర్రతో దులుపుతారు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఉతికిన వాళ్లు లేరు. మర్నాడు సలసల కాగే నీళ్లలో నన్ను ముంచి, పిండి, ముళ్లకంచె మీద ఆరేశారు. దొంగను చెట్టుకు కట్టేసినట్టు అందరి కంట్లో పడేలా వేలాడాను. ఆరేసరికి అంచులు ముడుచుకుని జానెడు కురచనయ్యాను. అంత అవమానం నాకు ఎన్నడూ జరగలేదు.

ఆరాక కూడా నన్నెవరూ లోపలికి తేలేదు, కంచె మీది నుంచే ఇంట్లో భాగోతమంతా చూశాను. కోడలికి మందు మింగించే పని బీరమల్లు తన నెత్తిన వేసుకున్నాడు. గోలీ వేళకు గడప లోపలే కట్టేసిన మేక పాలు స్వయంగా పిండి, చెంబు నిండా పట్టుకొచ్చేవాడు.

"కురుమోళ్ల ఇంట్ల పాలకేమన్న కరువా? వట్టి నీళ్లతోని మందెట్ల మింగుతవు బిడ్డా?"

ఆ మాటలో ప్రేమ ఎంతో గర్వమూ అంతే. సాయవ్వ పాలతో గోలీ మింగి అలాగే వాలిపోయేది. కాసేపటికి గుండెల్లో నిప్పు పోసినట్టు మంట. తరువాత వాంతి. జ్వరం మాత్రం మొండికేసి కూర్చుంది. ముసలాయన భయపడి ఇంకో చెంబు పాలు పిండేవాడు.

మళ్లీ దవాఖానకు వెళ్లి వచ్చాక అసలు సంగతి తెలిసింది. పాలల్లో ఉండేదేదో ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదట. ముందు ఇంత తినాలి, పెద్ద గ్లాసెడు నీళ్లతో మింగాలి, మింగాక కాసేపు కూర్చోవాలి, పడుకోకూడదు. ఎండ తగలకూడదు, ఆ గోలీలు పడ్డ ఒళ్లు ఎండను ఓర్చుకోలేదట. పిడుదుల్ని గోళ్లతో నలపడం కూడా మానాలట, ఆ రోగం అలా కూడా అంటుకుంటుందట. చూశారా, కాగే నీళ్లలో మునిగింది నేను, ఆ గోళ్లనెవరూ ముంచలేదు.

బీరమల్లు ముఖం చిన్నబోయింది. చెంబు చూరులో పెట్టేశాడు. మర్నాడు గోలీ వేళకు మళ్లీ దాన్నే పట్టుకొచ్చాడు.

"పాలు గావు బిడ్డా, సల్ల."

మజ్జిగా పాలదేనని తోచని మామను చూసి జ్వరంలో కూడా సాయవ్వకు నవ్వొచ్చింది.

జొన్నరొట్టె తిని నీళ్లతో మింగాక జ్వరం దిగింది. దిగీ దిగగానే ఆమె కాలు ఇంట నిలవలేదు. పక్కింటి మందతో కలిసి వెళ్తున్న తన గొర్లు చిక్కిపోతున్నాయని ఆమె బెంగ. వట్టి తలతో గుట్టకు వెళ్లింది. పొద్దు గూకేసరికి ముఖం, మోచేతులు కుంకుమలా ఎర్రబడి బొబ్బలెక్కాయి. కడుపులో వికారం ఉండనే ఉంది.

"నాతోని గాదు మామా. జరం పోయింది గదా, ఇంక గీ గోలీలెందుకు? లోపల మంట, మీద మంట" అని మిగిలిన గోలీలను గూట్లోకి తోసేసింది. మొగుడు బతిమాలాడు, కసిరాడు. సాయవ్వ గోడవైపు తిరిగి కూర్చుంది. జ్వరం తిరగబడితే ఈసారి మనిషి దక్కదేమోనని ముసలాయనకు భయం పట్టుకుంది.

ఆయన లేచాడు. ఎన్నాళ్లుగానో గడప దిగని మనిషి గోడ పట్టుకుని, పందిరి గుంజ పట్టుకుని కంచె దాకా వచ్చాడు. నన్ను తీసి భుజాన వేసుకున్నాడు. అడుగడుక్కీ ఆయన మోకాళ్లు చేసిన చప్పుడు నాకు వినిపించింది. నడింట్లో నన్ను పరిచాడు.

"కూసో బిడ్డా."

సాయవ్వ ఆయన ముఖం కేసి, నా కేసి చూసింది. గొంగడి ఎందుకు పరుస్తారో ఆమెకు చెప్పాల్సిన పనిలేదు. వచ్చి కూర్చుంది.

"ఆకరి గోలీ దాక మింగుతనని మాటియ్యి. నువ్వు లేకుంటె ఈ గొర్లేంది, ఈ ఇల్లేంది."

సాయవ్వ ముడుచుకున్న నా అంచును వేళ్లతో సాపు చేసింది. తరువాత ఆమె మెల్లగా అంది. "ఇస్త మామా. నువ్వు గుడ ఇయ్యి. పాలు, సల్ల, నా గోలీ దగ్గరికి తేనని."

ముసలాయన "తేను" అన్నాడు.

ఆ మాటలు నా మీద పడ్డాయి. ఉతికి, పిండి, కంచెకు వేసిన గొంగడి మీద. కంచె మీద పడ్డ సిగ్గంతా ఆ ఒక్క పూటకే కొట్టుకుపోయింది.

ఆపైన గోలీ మింగినప్పుడల్లా ఆమె ఒరిగిపోకుండా నన్ను చుట్టచుట్టి వెన్నుకు ఆనించేవారు. మందతో వెళ్లేటప్పుడు నన్ను తలమీద కొప్పెరగా ముడిచి కప్పుకునేది. ఉక్కపోస్తే పోసింది గానీ ఒంటిమీద ఎండపొడ పడనివ్వలేదు. వికారం పూర్తిగా పోలేదు, నడుమ నడుమ గట్టు మీద కూలబడి ఊపిరి పీల్చుకునేది. గోలీ మాత్రం తప్పలేదు.

"వాన లేదు గీన లేదు, గొంగడేందే సాయవ్వా?" అని దారిలో నవ్వేవాళ్లు.

"నాకు ఎండే వాన" అనేది ఆమె, ఆగకుండానే.

చివరి గోలీ నా మీద కూర్చొనే మింగింది. రక్తపరీక్ష ఏదీ తేల్చి చెప్పలేదని, అయినా ఆపకపోవడమే మంచిదయిందని డాక్టరమ్మ అందట. మర్నాడు పొద్దున బీరమల్లు తోమి తళతళలాడే చెంబు నిండా పాలు పిండి గడపలో నిలబడ్డాడు. సాయవ్వ గటగటా తాగి, మూతి తుడుచుకుని, నన్ను భుజాన వేసుకుని లేచింది. ముసలాయన ఆమె పాదాల కేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. నా అంచు నేలకు తగలడం లేదు, సరిగ్గా ఆమె మడమల మీద నిలిచింది.

"గిప్పుడు నీ గొంగడయింది బిడ్డా" అన్నాడు.

ఆయన కొలతకు పుట్టాను. ఆమె కొలతకు వచ్చాను. గుట్ట దారిలో ఇప్పుడు నాకు ఒక్క పల్లేరుకాయా అంటుకోదు.