బ్రాస్క్ గారి వేలికి కట్టిన యంత్రం

డెన్మార్క్‌లో హెల్సింగోర్ రేవు వెనక సందులో, ఒకప్పుడు తెరచాపలు దాచిన గిడ్డంగిలో మా కార్ఖానా ఉండేది. అక్కడ యాక్సిలరోమీటర్లు చేసేవాళ్ళం. ఓడ ఇంజనుకో పంపుకో బిగిస్తే అది ఎంత అదురుతోందో చెప్పే పరికరాలవి. చూడ్డానికి బొటనవేలి చివరంత ఉక్కు డబ్బీ. లోపల చిన్న పీట, దాని మీద పింగాణీ బిళ్ళలు, వాటి మీద ఒక బరువు, అన్నిటినీ అదిమిపట్టే స్ప్రింగు. పీట అదిరినప్పుడు పైనున్న బరువు వెంటనే కదలనని మొరాయిస్తుంది. ఆ పెనుగులాటలో నలిగిన బిళ్ళల్లో రవ్వంత కరెంటు పుడుతుంది. దాన్ని కొలిస్తే అదురు తెలుస్తుంది.

పై అంతస్తులో కిటికీల వెంబడి బల్లలు వేసుకుని మేం ఆడవాళ్ళం భూతద్దాల కింద వాటిని కూర్చేవాళ్ళం. డబ్బీలో నలుసు పడితే పని పాడవుతుందని ముఖానికి పౌడరు కూడా రాసుకోనిచ్చేవారు కాదు. శుక్రవారం వచ్చే తీపి రొట్టెల్ని మెట్ల మీద కూర్చుని తిని, ఒళ్ళంతా దులుపుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. నా పక్క బల్ల రిగ్మోర్‌ది. చేతులెంత కుదురో నోరంత దుడుకు. ఆ గదిలో గడిచినంత హాయిగా నాకు తర్వాత ఎక్కడా కాలం గడవలేదు.

నమూనాలు గీసేది ఐనార్ బ్రాస్క్ గారు. ఏ కొత్త నమూనాలోనైనా మొదటి పరికరాన్ని తన చేతులతోనే కూర్చేవారు. ఆయనకు జిగురంటే గిట్టదు. జిగురు మెత్తగా ఉంటుంది కాబట్టి అది కూడా ఊగుతుందనీ, ఆ ఊగుడు లెక్కలో కలిసి పరికరం చేత అబద్ధం చెప్పిస్తుందనీ అనేవారు.

పందొమ్మిది వందల అరవై మూడు వసంతంలో ఒక ఉదయం ఆయన చిమటాతో పట్టుకున్న, డబ్బీలో అమర్చే చిన్న ఉక్కు కడియం జారి కింద పడింది. ఇంకోటి తీసుకున్నారు. అదీ పడింది.

"రాత్రి సారా కాస్త ఎక్కువైనట్టుంది," అంది రిగ్మోర్. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. కుడిచేతిని జేబులో పెట్టుకుని కిందికి వెళ్ళిపోయారు. తర్వాత చాలా రోజులు బల్ల దగ్గరికి రాలేదు. కూర్పు పనులు ఒక్కొక్కటే నాకు అప్పగించసాగారు.

చివరికి ఒక మధ్యాహ్నం నన్ను కింద కొలతల గదికి పిలిచి, తలుపు వేసి, జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టారు. చూపుడువేలూ బొటనవేలూ ఏదో గింజను నలుపుతున్నట్టు ఆగకుండా ఆడుతున్నాయి.

"డాక్టరు దగ్గరికెళ్ళాలి, తోరా," అన్నారు. "కానీ ఉత్త చేతుల్తో వెళ్ళి, వణుకుతోందండీ అని చెప్పలేను. బతుకంతా అదురు కొలిచినవాణ్ణి."

నేను మామూలు డబ్బీ ఒకటి ఆయన వేలికి దారంతో కట్టాను. డబ్బీకి తీగతో కలిపిన యంత్రంలో కలం కాగితం మీద గీస్తున్న గీతను కాసేపు చూసి ఆయన తల అడ్డంగా ఊపారు.

"బీరు పీపా కట్టి గుర్రం నడక చూసినట్టుంది. ఈ బరువుకి నా వేలే అణిగిపోతోంది. దానికితోడు ఒంటి వేడి ఒకటి. బిళ్ళలు వెచ్చబడినా కరెంటు పుట్టిస్తాయి."

ఆ వేసవంతా మేమిద్దరం వేలికోసమే ఒక యాక్సిలరోమీటరు చేశాం. డబ్బీకి ఉక్కు బదులు అల్యూమినియం వాడాం. బిళ్ళల్ని పీట మీద పడుకోబెట్టడం మానేసి, మధ్యలో మూడు పలకల కంబం నిలబెట్టి, పలకకొకటి చొప్పున నిలువుగా ఆనించాం. ప్రతి బిళ్ళకూ బయటివైపు ఒక చిన్న బరువు. అలా పెడితే వేడి సెగ గానీ పీట వంపు గానీ బిళ్ళల్ని అంతగా నలపలేవు. బరువు జారబోయినప్పుడే అవి పలుకుతాయి. మొత్తాన్నీ చుట్టి పట్టేది ఒక కడియం. దాన్ని వేడి చేస్తే సాగుతుంది. సాగినప్పుడు తొడిగితే చల్లారాక బిగుసుకుంటుంది. జిగురు చుక్క అక్కర్లేదు. ఆయన పక్కనే నిలబడి చెప్పేవారు, నేను తొడిగేదాన్ని. బిళ్ళలు పుటుక్కున విరిగేవి. విరిగినప్పుడల్లా ఆయన కడియం లోపలివైపు మరికాస్త అరగదీయించేవారు.

పూర్తయిన రోజున దాన్ని ఆయన వేలికి కట్టాను. నా వేళ్ళు ఆయన చేతికి తగిలినప్పుడు ఇద్దరం ఎటో చూశాం.

"వదులుగా ఉందా అండీ మీకు?" అని అడిగాను.

"చెయ్యి పట్టుకుని కూడా ఇంకా మీరేంటి? నువ్వు అను," అన్నారు.

పదకొండేళ్ళుగా ఒకే కప్పు కింద పనిచేసిన మనిషిని ఆ రోజు మొదటిసారి ఐనార్ అని పిలిచాను.

కలం కదిలింది. కాగితం మీద అలలు పుట్టాయి. ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకే ఎత్తు. ఐనార్ స్కేలు పెట్టి చూశాడు.

"సెకనుకి ఐదు. బాగా నడుస్తున్న ఇంజనే."

నాకు ఏడుపొచ్చింది. నన్ను ఏడవనిచ్చి, తను కాగితం చుట్ట చుట్టుకున్నాడు.

కోపెన్‌హాగన్‌లో డాక్టరు ఆ చుట్ట విప్పి చూసి జబ్బు పేరు చెప్పాడట. దానికప్పట్లో సరైన మందు లేదు. అయితే ఆ చిన్న పరికరం తన ఆసుపత్రికీ కావాలన్నాడట. మరుసటి చలికాలానికి రిగ్మోరూ నేనూ అవే కూరుస్తున్నాం. సంగతి తెలిశాక రిగ్మోర్ తన ఎగతాళికి క్షమాపణ చెప్పబోతే, సారా కబురు నిజమైతే ఎంత బావుండేదో అని ఐనార్ ఆమెను నవ్వించాడు.

ఆరేడేళ్ళకు కొత్త మందొచ్చింది. అప్పటికి అతను కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు కార్ఖానాకు వచ్చి, కొలవమని చెయ్యి చాపాడు. కలం దాదాపు తిన్నగా ఒక గీత గీసింది. యంత్రం పాడైందేమోనని రెండోసారి కట్టి చూశాను. గీత మళ్ళీ తిన్నగానే వచ్చింది. ఐనార్ కోటు వేసుకుంటూ నన్నూ వేసుకోమన్నాడు.

రేవు దగ్గర దుకాణంలో వేయించిన చేపలు కొని, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, తనే వెళ్ళి రెండు గ్లాసుల బీరు నిండుగా పోయించుకుని వచ్చాడు. మెల్లగా, గ్లాసుల వంక చూడకుండా, నన్ను చూస్తూ నడిచాడు. చుక్క ఒలకలేదు.

మందు కొన్నేళ్ళే పనిచేసింది. తర్వాత రోగం తిరగబెట్టింది, ఐనార్ పోయాడు. చివరి రోజుల్లో రోజూ వెళ్ళి చూసేదాన్ని. అయినా తలుచుకుంటే ఆ మంచం గుర్తురాదు. ఎండలో నా వైపు నడిచొస్తున్న మనిషే కనిపిస్తాడు.