గాటుముక్కు చూపు

కెమెరాలు పట్టుకుని ఎవరొచ్చినా ఇల్డా బెటెంకూర్ పడవ తాడు విప్పకముందే ఒక మాట చెప్పేది. "సముద్రపు నీటికుక్క తలెత్తి మనవంక చూసిందంటే తప్పు మనదే. అప్పుడు కెమెరాలు దించాలి, పడవ వెనక్కి పోతుంది. దాని పని అది చేసుకుంటుంటే ఎన్నైనా తీసుకోండి. మీ మొహం చూడమని మాత్రం అడక్కండి, అదేం మీ మేనత్త కాదు." నవ్వేవాళ్ళు నవ్వేవారు, నవ్వనివాళ్ళు ఊరుకునేవారు. మాస్ ల్యాండింగ్ రేవులో ఆవిడ నోటికి జడవని మనిషి లేడు, ఆవిడ పడవకి బెదిరిన నీటికుక్కా లేదు.

ఆ ఏడు ఆవిడ ప్రాణమంతా గాటుముక్కు మీద ఉంది. అది ఎల్క్‌హార్న్ ఉప్పుటేరులో ఉండే ఆడ నీటికుక్క. జతకట్టేటప్పుడు మగవి కొరికిన కాట్లకి ముక్కు మీద ఎర్రటి గాటు పడి దూరం నుంచే ఆనవాలు దొరికేది. కిందటి చలికాలం తుఫానులో దాని పిల్ల కొట్టుకుపోయింది. మర్నాడంతా అది ఏటి పొడుగునా అరుచుకుంటూ తిరిగింది. ఆ అరుపు విన్నాక ఇల్డాకి తిండి సహించలేదు. ఇప్పుడు మళ్ళీ పిల్ల పుట్టింది, దూదిమూటలాంటి పిల్ల. పాలిచ్చే తల్లి తన ఒంట్లో ఉన్నదంతా కరిగించి పిల్లకి పెడుతుంది. మునిగి తెచ్చుకున్న ప్రతి గుల్లా దానికి ప్రాణాధారమే. ఊరికే బెదరగొట్టి పరుగెత్తించడమంటే దాని నోటికాడి కూడు లాగేయడమే. "ఈ ఒక్కదాన్నైనా పెంచి పెద్ద చేసుకోనియ్యాలిరా తమ్ముడూ" అని ఇల్డా రోజూ అనేది. పడవలో ఆవిడకి తోడుండే తమ్ముడు అన్సెల్మో రోజూ తలూపేవాడు.

ఆ పొద్దున పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. పడవలో నలుగురు ఫోటోలవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ట్రెవర్ హాల్‌స్టెడ్ ఒకడు. పోటీలలో బహుమతులు కొట్టినవాడట, ఆ సంగతి ఎక్కిన దగ్గర్నుంచి రెండుసార్లు చెప్పాడు. పడవ ముందుభాగంలో చోటు పట్టుకుని, కెమెరా సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నాకు ఒక్కటే కావాలి కెప్టెన్ గారూ. నా కళ్ళలోకి చూస్తున్న నీటికుక్క. మీ ఊరి ఫోటోలన్నీ నిద్రపోతున్న పొట్టలేనండీ."

"నిద్రపోయే పొట్ట అంటే నిండిన పొట్ట బాబూ. మీ కళ్ళలో అది చూడాల్సిందేముంది?"

మిగతావాళ్ళు నవ్వారు. ట్రెవర్ కూడా నవ్వాడు. అదే ఆవిడ కనిపెట్టలేకపోయింది. మొండివాడు వాదిస్తాడు, దొంగ నవ్వి ఊరుకుంటాడు.

నీరు సముద్రం వైపు తీస్తోంది. ఒడ్డు వారన నాచు గుంపులో గాటుముక్కు వెల్లకిలా పడుకుని పిల్ల బొచ్చు దువ్వుతోంది. ఇల్డా పడవని దూరంగానే నిలిపి, బ్యాటరీ మోటారుని సన్నగా తిప్పుతూ ప్రవాహానికి ఎదురు పట్టింది. కాసేపటికి తల్లి పిల్లని నాచుతీగల్లో రెండు చుట్లు చుట్టి, కొట్టుకుపోకుండా కట్టేసి, గుల్లల కోసం మునిగింది. కెమెరాలు టకటకలాడాయి. అంతా ఆవిడ చెప్పినట్టే జరుగుతోంది.

అప్పుడు పడవ కిందనుంచి పిల్ల ఏడుపు వినబడింది.

ఆ రేవులో పడవ నడిపేవాళ్ళందరికీ ఒక ఆనవాయితీ ఉంది. అడుగునుంచి పిల్ల ఏడుపు వినిపిస్తే చెయ్యి ముందు మోటారు మీదికి పోతుంది, తర్వాతే ఆలోచన. మోటారు ఆపెయ్యాలి. ఎవరూ కాలు కదపకూడదు. నడిపేవాళ్ళు బోర్లా పడుకుని పడవ అడుగు చూడాలి. ఒకప్పుడెవరో అలా చూడక మోటారు రెక్కకి పిల్లని బలిచ్చారు, ఆ నెత్తురు ఊరంతా చూసింది. ఇల్డా కూడా అదే చేసింది. "ఎవరూ కదలకండి" అని కేకేసి, మోటారు ఆపి, అంచు మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి తొంగిచూసింది. ఎదురుపట్టే మోటారు ఆగాక పడవ ప్రవాహంతో నాచు వైపు జరిగింది.

నీళ్ళు పచ్చగా, ఖాళీగా ఉన్నాయి. ఏడుపు మాత్రం ఆగడంలేదు.

ఇంతలో గాటుముక్కు పైకి తేలింది. ఏడుపు వింది. నోట్లో గుల్ల వదిలేసింది. కట్టేసిన పిల్ల తీగ ఊడి పడవ కింద చిక్కుకుందనుకుందో ఏమో, వెనక్కి తిరిగైనా చూడకుండా నేరుగా పడవ మీదికే వచ్చింది. అంచుకి చేతికందేంత దూరంలో ఒళ్ళంతా నిటారుగా లేపి, రెండు ముంజేతులూ గుండెకి చేర్చి, పడవలోకి చూసింది. ట్రెవర్ కెమెరా ఆగకుండా కొట్టింది.

మళ్ళీ ఏడుపు. ఏడుపు చివర ఏదో ఊరకుక్క మొరిగింది. ఇల్డా తలెత్తింది. ముందు కూడా మొరిగినట్టుంది, హడావుడిలో పట్టించుకోలేదు. ఏటి నడుమ కుక్కెక్కడిది? ఇంకోసారి ఏడుపు, అదే చోట అదే మొరుగు, రికార్డు తిరిగినట్టు.

"అక్కా" అన్నాడు అన్సెల్మో. పడవ ముక్కు దగ్గర, ట్రెవర్ కూర్చున్న చోట కట్టిన సన్నతాడు పైకి లాగాడు. తాడు చివర గుప్పెడంత స్పీకరు ఉంది, అందులోంచి పిల్ల ఏడుస్తోంది.

ట్రెవర్ వైపు తిరిగిన ఇల్డాకి అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటిదాకా ఉన్న 'మీరు' ఎక్కడికో పోయింది.

"నువ్వు మనిషివేనా? కన్నతల్లి ముందు బిడ్డ ఏడుపు పెట్టి పిలుస్తావా? దానికంటే దొంగతనం నయం కదరా."

"కొంచెం మెల్లగా మాట్లాడండి. దానికేం దెబ్బ తగల్లేదు కదా. రెండు నిమిషాల్లో వెళ్ళిపోతుంది."

"పిల్లేదీ?" అంది ఫోటోలవాళ్ళలో వెనక కూర్చున్న, సాలినాస్ ఊరి టీచరమ్మ.

నాచులో పిల్ల లేదు. తల్లి పరుగు అలికిడికి లేచి గింజుకుందేమో, చుట్లు వదులై నీటివాలున పోతోంది. అప్పటికే హైవే వంతెన వైపు సగం దూరం పోయింది. వంతెన దాటితే రేవు నోరు, అది దాటితే సముద్రం. మునగడం రాని పిల్ల, ఈత రాని పిల్ల, బెండులా తేలుతూ పోవడం తప్ప దానికేం తెలుసు?

తల్లికి ఆ సంగతి తెలియదు. అది పడవ కింద మునుగుతోంది, తేలుతోంది, మళ్ళీ మునుగుతోంది. ట్రెవర్ తెల్లబోయి జేబులోంచి ఫోను తీసి స్పీకరులో ఏడుపు ఆపేశాడు. అయినా అది పడవని వదల్లేదు.

"నేను పిల్లని పట్టుకొస్తాను, మోటారు వెయ్యండి" అన్నాడు.

"తల్లి పడవ కిందే ఉంది, మోటారేసి దాన్నీ కోస్తావా? ఇంత చేశావు చాలదా?" ఇల్డా వంతెన వైపు చూసింది. తమ్ముడి చేతిలో స్పీకరు లాక్కుని అతని ఒళ్ళో పడేసింది. "మళ్ళీ పెట్టు."

"ఏంటండీ?"

"ఆ ఏడుపే. ఇది నీ అబద్ధాన్ని నమ్మింది కదా, ఆ అబద్ధమే దీన్ని బిడ్డ దగ్గరికి తీసుకెళ్ళాలి. తాడు పట్టుకుని స్పీకరు నీళ్ళలో ఉంచు. రెండు చేతులతో పట్టుకో. తమ్ముడూ, గెడ తియ్యి."

అన్సెల్మో గెడ వేశాడు. మోటారు లేకుండా, నీటివాలు మీద పడవ వంతెన వైపు సాగింది. వెనక తల్లి. దొంగ ఏడుపు వెంట గాటుముక్కు ఈదుతూ, మునుగుతూ, రొప్పుతూ వస్తోంది. ఇది తింటున్న గుల్లని వదిలేసింది, పొద్దున్నుంచి దాని కడుపులో ఏమీ లేదు, ఎంత దూరం రాగలదో ఆ దేవుడికే తెలియాలి. చనిపోయిన తన తల్లి నేర్పిన ప్రార్థన ఇల్డా సగం అంది, మిగతా సగం తిట్లలో కలిసిపోయింది.

వంతెన కింద నీడలో పిల్ల కనబడింది. కీచుమంటోంది.

"ఇప్పుడు ఆపు" అంది ఇల్డా.

దొంగ ఏడుపు ఆగింది. అసలు ఏడుపు వినబడింది. గాటుముక్కు ఒక్కసారి నీళ్ళలో తిరిగి, పడవని దాటి, బాణంలా పోయి పిల్ల మెడ పట్టుకుంది. వెల్లకిలా తిరిగి గుండెల మీద వేసుకుని, తడిసిన బొచ్చులోకి ఊపిరి ఊదడం మొదలుపెట్టింది. టీచరమ్మ కెమెరా ఒళ్ళోనే పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ట్రెవర్ చెయ్యి మాత్రం కెమెరా మీదికి పోయింది. ఇల్డా తన టోపీ తీసి దాని అద్దానికి తొడిగేసింది.

తిరిగి వచ్చేటప్పుడు అతను గొంతు సవరించుకున్నాడు. "చివరికి మంచే జరిగింది కదండీ."

"ఇల్లు తగలబెట్టి, బిడ్డని బయటికి తెచ్చానని చెప్పుకునేవాడివి నువ్వు. ఆ ఫోటోలు తీసెయ్యి, నా కళ్ళముందే."

అతను కెమెరా ఆవిడ వైపు తిప్పి ఒక్కొక్కటీ నొక్కి చూపించాడు. బొమ్మ మాయమైంది, ఇంకోటి మాయమైంది. ఇల్డా నమ్మింది. కెమెరాలో ప్రతి ఫోటోకీ ఇంకో కాపీ దాచే రెండో కార్డు ఉంటుందని ఆవిడకేం తెలుసు. ఆ రోజే ఇలాంటి పనులు విచారించే వన్యప్రాణుల అధికారులకి ఫోను చేసి చెప్పింది. "ఫోటో ఏదైనా ఉందా అమ్మా?" అన్నారు. "లేదు, నేనే తీసేయించాను" అంది. మంచిది, రాసుకుంటాం అన్నారు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఇల్డా రేవులో ఫిలొమేనా సూపుల కొట్టుకి వెళ్ళింది. ఫిలొమేనా ఆవిడకి పినతండ్రి కూతురు. గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"రావే, నీకోసమే చూస్తున్నా. నీ పడవకెంత పేరొచ్చిందో చూడు. నీ పడవెక్కిన ఆ ఫోటోల అబ్బాయికి పెద్ద బహుమతి వచ్చిందట, ఆ ఫోటో ఒకటి మనకి పంపించాడు. ఎంత మర్యాదస్తుడే."

గోడ మీద, బల్లంత అద్దాల చట్రంలో గాటుముక్కు. నిటారుగా లేచి, ముంజేతులు గుండెకి చేర్చి, తిన్నగా చూస్తోంది. కింద బంగారు అక్షరాలతో పేరు: 'పలకరింపు'. దాని కింద చిన్నగా, కెప్టెన్ ఇల్డాకి కృతజ్ఞతలతో. భోజనం చేస్తున్నవాళ్ళు తలలు తిప్పారు. "మీ పడవేనా? ఎంత ముద్దుగా చూస్తోందండీ. మనిషిలా నమస్కారం పెడుతోంది" అన్నాడొకాయన, రొట్టెముక్క సూపులో ముంచుతూ.

ఏ రోజు సూపు పేరు ఆ రోజు పలక మీద రాసే లావుపాటి పెన్ను కౌంటరు మీద ఉంది. ఇల్డా అది తీసుకుని నేరుగా గోడ దగ్గరికి వెళ్ళింది.

"అద్దం మీద రాయకే, నీకేమన్నా మతిపోయిందా" అంటూ ఫిలొమేనా తడిగుడ్డ తీసుకుని వెంటపడింది.

ఇల్డా రాయడం పూర్తిచేసి పక్కకి జరిగింది. బంగారు అక్షరాలకి అడ్డంగా, వంకర రాతలో ఇలా ఉంది: ఇది మనల్ని చూడటంలేదు. పడవ కింద బిడ్డ ఏడుపు రికార్డు పెట్టారు. బిడ్డ కోసం చూస్తోంది.

ఫిలొమేనా గుడ్డ ఎత్తింది. చదివింది. తలెత్తి ఆ కళ్ళ వైపు చూసింది. గుడ్డ కౌంటరు మీద పడేసి, మేకుకున్న చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దు, దించకు" అంది ఇల్డా. "తినేవాళ్ళు చూడనీ."