గదిలో ఎందరున్నారు

చూపులేని ఆ టెలిఫోన్ ఆపరేటర్‌కు ఒళ్లు మండించే విషయం ఒక్కటే. జనం పిల్లిలా వచ్చి, పలకకుండా ఎదురుగా నిలబడటం. తెరమీది అక్షరాలను ఆమెకు చదివి వినిపించేది, ఎందరో కలిసి ఉచితంగా రాసి పెట్టిన ప్రోగ్రామ్. ఒకరోజు వాళ్ల చర్చా గుంపులో ఆమె అడిగింది: "కెమెరాతో చూసి గదిలో ఎందరున్నారో చెప్పే సదుపాయం ముందుముందు పెడతారా?"

పాత సభ్యుడొకాయన జవాబిచ్చాడు. "నిరుడే పెట్టి తీసేశామమ్మా. అందరి ఇళ్లలోనూ ఒకరిని ఎక్కువ చెప్పేది. తప్పెక్కడుందో దొరకలేదు."

"ఫర్వాలేదండీ, ఆ పాతదే పంపండి," అని రాసిందామె.

మర్నాడు వదిన, ఆమె ఒక్కతే కూర్చునే ఆఫీసు గదికొచ్చి దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించింది.

"గదిలో ముగ్గురున్నారు," అంది కంప్యూటర్.

"నా లావు చూసి ఇద్దరనుకుందేమో!" అని పగలబడి నవ్వి వదిన వెళ్లిపోయింది.

"గదిలో ఇద్దరున్నారు."

ఆమెకు భయం కన్నా కోపమే ముందుకొచ్చింది. "ఎవరండీ? వచ్చినవాళ్లు పలకాలని తెలీదా?"

ఎవరూ పలకలేదు. ఆమె గోడ తడుముకుంటూ వరండాలోకి వచ్చేసింది. వెనక నుంచి అదే గొంతు వినిపించింది.

"గదిలో ఒక్కరున్నారు."

ఇంటికెళ్లి ఫోన్‌లో గుంపుకు ఒక్క ముక్క రాసింది. "దయచేసి ఆ సదుపాయం మళ్లీ పెట్టకండి."

పాత సభ్యుడు వెంటనే అడిగాడు: "మీరూ గది బయటికెళ్లి విన్నారా అమ్మా?"