మునీశ్వరి పడిన చోటు

మునీశ్వరి పడ్డ చప్పుడు సంగవి చెవులారా విన్నది. బకెట్టు దొర్లింది. తల గచ్చుకు తగిలింది. తర్వాత కుళాయి నీళ్ళ మోత తప్ప ఏమీ లేదు.

అంతకు ముందే మునీశ్వరి పిలిచింది. "తోడుకు రావే."

"తల దువ్వుకుంటుండా. నువ్వు పోవే," అన్నది సంగవి.

ఇద్దరికీ చూపు లేదు. ఇద్దరూ కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కార్మికుల బిడ్డలు. విరుదునగర్ కాలేజీ హాస్టల్లో ఒకే గది. సెలవుల్లో కాంట్రాక్టరు బాత్రూములు కొత్తగా కట్టాడు. నున్నటి టైల్స్, తలుపు దాటగానే మెట్టు, మూతలేని కాలువ. పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఏ తలుపు దేనిదో చేతికి తెలిసే గుర్తు లేదు.

మునీశ్వరి చనిపోయిన మూడో రోజు వార్డెను నోటీసు చదివి వినిపించింది: విద్యార్థిని అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం.

ఆ రోజు నుంచి హాస్టల్లో మిగిలిన చూపులేని ఆరుగురు ఆడపిల్లలూ మధ్యాహ్నం దాటితే నీళ్ళు తాగడం మానేశారు. ఆ తలుపు మీద చెయ్యి వేస్తే చాలు, సంగవికి బకెట్టు దొర్లిన చప్పుడు వినిపించేది. ఎవరూ లేని గదిలో ఎవరో "రావే" అనేవారు.

అమ్మ నాగమ్మాళ్ చూడడానికి వచ్చింది. నోటీసు సంగతి విన్నది.

"మా ఫ్యాక్టరీలో నిప్పు లేచి ఇద్దురు కాలిపోయినప్పుడూ ఇదే మాట అనిరి. అజాగ్రత్త అని. చచ్చినోళ్ళు తిరిగి అడగరు గదా!"

"మనం అడుగుదామమ్మా," అన్నది సంగవి.

ఆరుగురూ కలిసి భోజనాల హాల్లో మీటింగు పెట్టారు. చూపున్న విద్యార్థులూ వచ్చారు. ప్రిన్సిపాల్ మెత్తగా అన్నాడు, "ఒక ఆయాను పెడతాం. చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది."

సంగవి లేచింది. "ఒంటికి పోయేదానికి కూడా ఒకరి చెయ్యి కావాల్నా సార్? మాకు చెయ్యి వద్దు. గోడకు కమ్మీ కావాల."

హాలు హోరెత్తింది. వెనకనుంచి ముసలి గొంతు ఒకటి వినిపించింది. తాపీమేస్త్రి పొన్నయ్య.

"ఆ టైల్స్ పరిచింది నేనేమ్మా. నున్నగుండాలంటిరి, పరిస్తి. నాకు నిద్దర లేదు."

"మేం చెప్పినట్టు మళ్ళీ పరుస్తావా తాతా?"

"పరుస్తా తల్లీ."

మర్నాడు ఆవరణలో తాళ్ళు, ఇటుకలు పరిచి ఆరుగురూ నమూనా వేశారు. వాకిలినుంచి కాలికి తెలిసే గరుకురాళ్ళ దారి. ప్రతి గదిలో కుళాయి కుడివైపే. కాలువకు జల్లెడ మూత. తలుపు మీద ఉబ్బెత్తు అక్షరాలు. చూపున్నవాళ్ళు కళ్ళకు గుడ్డ కట్టుకుని నడిచారు. ఎవరైనా తడబడితే ఇటుక జరిపారు. ఒక్కరూ నవ్వలేదు.

ప్రిన్సిపాల్ ఆ నమూనా చూడడానికి బయటికే రాలేదు. "ఇంజనీరు ఒప్పుకోవాల," అని కబురు పంపాడు. వారం ఆగారు, ఏ ఇంజనీరూ రాలేదు. ఎనిమిదో రోజు పొన్నయ్య ఉలి తెచ్చాడు. మునీశ్వరి పడిన చోట మొదటి దెబ్బ సంగవి వేసింది. టైలు పగిలింది. ఆ వెనక ఇరవై సుత్తులు లేచాయి.

పోలీసులు వచ్చారు. కాలేజీ ఆస్తి పగలగొట్టారని పొన్నయ్యను, సంగవిని వ్యాను ఎక్కించారు. లోపల సుత్తులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం సంగవికి తెలిసినదే.

అప్పుడు గోడ అవతలినుంచి తోటి పిల్ల తంగం కేక వేసింది.

"సంగవీ! కమ్మీ ఎంత ఎత్తులో పెట్టాల?"

సంగవి కిటికీ ఊచలకు ముఖం ఆనించి అరిచింది.

"నీ నడుము మీద చెయ్యి పెట్టి చూడే! అంత ఎత్తే!"

వ్యాను కదిలింది. గేటు దాటకముందే ఉలి చప్పుడు మళ్ళీ మొదలైంది.