మామను గోడ దూకించిన ఉత్తర్వు

పెళ్లికి మా ఆయన మనోహర్ కొనిపెట్టిన పట్టీల చప్పుడు వింటూ పెరట్లో అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు నా ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. వచ్చిన సంగతి నాకు తెలియదు. పోస్టుమాన్ దాన్ని మా మామ పాలయ్య చేతిలో పెట్టిపోయాడు. కవరు మీద కేరాఫ్ పాలయ్య అని ఉంది, జమ్మలమడుగు ఆఫీసు ముద్ర ఉంది. మామ చించి చూసి, గూట్లో పడేసి, నా పక్కనుంచే గోడ దూకి వెళ్లిపోయాడు.

మొన్న ఎన్నికల రోజు మామ పోలింగు బూతులో పార్టీ ఏజెంటుగా కూర్చున్నాడు. ఆ సాయంత్రం పక్కవీధిలో నాటుబాంబులు పడ్డాయి. కేసులో ఎవరెవరి పేర్లు రాశారో ఇప్పటికీ తెలియదు. అందుకే మా ఊళ్లో సర్కారు కవరు వస్తే మగవాళ్లు ముందు గోడ దూకుతారు, తర్వాత చదివించుకుంటారు.

అత్త రత్నమ్మ కాగితం తెచ్చి నాకిచ్చింది. మిషన్ బడిలో నేర్చిన అక్షరాలతో మామ కూడబలుక్కున్నది చివరి వాక్యం ఒక్కటే అయి ఉంటుంది: "గడువులోగా హాజరు కానియెడల తదుపరి చర్యలకు తామే బాధ్యులు." దానిపైన, తెగని వాక్యం నడుమ ఎక్కడో నా పేరు. నన్ను టైపిస్టుగా వేశారు. బి.ఏ. చదివిన నాకే మళ్లీ చదివితే గానీ అర్థం కాలేదు.

నవ్వాను. అత్త నవ్వలేదు.

"మీ మామ పోయేది కొండదారినే కదా కుమారీ. ఆడ ఎదుటి పార్టీవాళ్ల మనుషులు కాపు కాస్తాండారు."

మామను వెతకడానికి మనోహర్ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. వాకిట్లో ఏ అడుగు వినబడినా తెలియాలని పట్టీలు విప్పేశాను. కొండవైపు ఒకసారి ఢామ్మంది. క్వారీదో, బాంబో. అత్త ప్రార్థన మధ్యలో ఆపేసి నా చెయ్యి పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా తండ్రీకొడుకులు వచ్చారు. మామ కాళ్లనిండా ముళ్లగీతలు. ఎండిపోయిన వంకలో తంగేడు పొదల కింద దాక్కున్నాడట. అరుగు మీద కూర్చోబెట్టి ఉత్తర్వులో ఉన్నది చెప్పాను.

"నాకు ఉద్యోగం ఇచ్చినారు మామా. ఈ నెలలోపల వచ్చి చేరమన్నారు. అంతే."

"ఆ మాటే మొదట రాసింటే వాళ్లకేం పోయింది? ఎవరిదో జీపు వచ్చి నా తలకాడనే నిలిచింది మ్మా. తుమ్మొస్తే పైగుడ్డ నోట్లో కుక్కుకున్యా."

ఇకమీదట ఇట్లాంటివి టైపు కొట్టేది నీ కోడలే, ఊరంతా గోడలు దూకుతుందని మనోహర్ ఎగతాళి చేశాడు. నాకు మళ్లీ భయం వేసింది. నేను కొట్టేవాటిలో ఎవరికి, ఎందుకు అన్నదే మొదటి వరుసలో ఉండనివ్వమని ఆఫీసరును అడుగుతానన్నాను. ఒప్పుకోకపోతే ఏం చేయాలో తెలియదన్నాను.

మామ కాలిలోంచి ముల్లు పీకి పారేశాడు.

"రేపు మొదటి బస్సుకు నీతో నేనూ వస్తా. ఈ కాళ్లు ఆయప్పకు చూపించి, నేనే అడుగుతా."