జోగు గవ్వ

నా భార్య రాజవ్వకు సముద్రమంటే పడదు. పుట్టి పెరిగింది ముంబై కామాఠిపురాలోనే అయినా చౌపాటీ బీచ్‌కి వెళ్ళింది నాలుగైదుసార్లకు మించదు. అలాంటి మనిషి, కోడలు సీమా "అండమాన్ పోదామా అత్తమ్మా" అనగానే సై అంది. అబ్బాయి సాహిల్‌కు సెలవు దొరకలేదు. ముగ్గురమే బయలుదేరాం.

ఆ హుషారు వెనక సంగతి నాకొక్కడికే తెలుసు. వరస గదుల చాలీలోని మా గదిలో ఎల్లమ్మను కొలిచే గంప ఉంది. అందులో మా అమ్మ నాటి గవ్వల దండ. "నీ చెయ్యి దురుసు, గంప ముట్టకు" అని రాజవ్వ మూడేళ్ళుగా సీమాను కసురుతూనే ఉంది. తీరా దుమ్ము దులుపుతుంటే దండ జారి ఒక గవ్వ పగిలింది, రాజవ్వ చేతిలోనే! బోనాలు దగ్గరపడుతున్నాయి. ఎల్లమ్మ గవ్వను మా ఇంట్లో కొనరు, కొంగు చాపి అమ్మవారి పేర భిక్ష, అదే జోగు, అడిగి తెచ్చుకోవాలి. మా గల్లీలో అడిగితే అరగంటలో ఆ మాట ఫాక్‌లాండ్ రోడ్ దాకా పాకుతుంది. కోడలికీ తెలుస్తుంది. మా రాజవ్వకు పరువంటే ప్రాణం. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో అడుక్కుంటే సరి అని ఆమె ఎత్తు.

పోర్ట్ బ్లెయిర్ చేరిన మర్నాడు పడవెక్కి పక్క దీవికి వెళ్ళాం. జింకలు మనుషుల వెంటే తిరుగుతున్నాయి, దారికడ్డంగా నెమళ్ళు. సీమా ఫోటోల్లో మునిగిపోయింది. రాజవ్వ మాత్రం ఇసుకనే చూస్తూ నడిచింది. ఒక గవ్వ దొరికింది కూడా. "సముద్రమే ఇచ్చిందయ్యా" అని మురిసి బొడ్లో దోపుకుంది.

ఆ మురిపెం మ్యూజియం దాకానే. గాజుపెట్టెల్లో గవ్వలు, శంఖాలు చూస్తూ సీమా గోడమీది బోర్డు చదివింది. "తీరంల గవ్వ తీసుడు గున్హా అంట అత్తమ్మా. కొన్నదానికి భీ బిల్లు లేకుంటే ఏర్‌పోర్ట్‌ల పకడ్తరంట." రాజవ్వ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నడుము దగ్గరి గవ్వ తీసి కాపలావాడి చేతిలో పెట్టింది. అతను నవ్వి తీసుకున్నాడు. సీమా వింతగా చూసింది.

తర్వాత చేతిపనుల దుకాణానికి వెళ్ళాం. కొబ్బరిచిప్ప గిన్నెలు, వెదురు బుట్టలు, చెక్క మొసళ్ళు. సీమా సాహిల్ కోసం ఒక మొసలిని ఏరుతుంటే రాజవ్వ కౌంటర్‌లోని ఆమె ముందు కొంగు చాపింది.

"ఎల్లమ్మ జోగు, తల్లీ. ఒక్క గవ్వ."

నేను హిందీలో విడమరిచి చెప్పాను. ఆమె మంచిది. వెంటనే ఒక గవ్వ తీసింది, మళ్ళీ ఆగింది. ఊరికే ఇచ్చినదానికి బిల్లు రాయలేనంది. కొంటే ఎల్లమ్మ ఒప్పుకోదు, అడుక్కుంటే ఏర్‌పోర్ట్‌వాడు ఒప్పుకోడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏమైంది అత్తమ్మా?" వెనక సీమా.

ఏదో ఒక అబద్ధం కోసం నేను తడుముకుంటున్నాను. ఈలోగా రాజవ్వ అక్కడి స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది.

"ఎల్లమ్మ గవ్వ పలిగింది బిడ్డా. నా చేతులనే పలిగింది. నిన్ను అన్నన్ని మాటలంటి, ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

సీమా నవ్వుతుందని భయపడ్డాను. నవ్వే హక్కు ఉంది మరి. నవ్వలేదు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఆ గవ్వనే కొని, తన పేరుమీద బిల్లు రాయించుకుని వచ్చింది.

"కొన్నది నేను. నువ్వైతే కొనలే కదా అత్తమ్మా? ఇగ నన్ను అడుగు."

కోడలి ముందు కొంగు చాపిన అత్తను నా జన్మలో చూడలేదు. రాజవ్వ లేచింది. తలమీద కొంగు సర్దుకుని, రెండో చేత్తో అంచు చాపి, "ఎల్లమ్మ జోగు, తల్లీ" అంది. సీమా రెండు చేతులతో గవ్వను అందులో వేసింది. ఇన్నాళ్ళూ రహస్యం మోసిన నాకు గుండెమీది బండ దించినట్టయింది. సిగ్గులేకుండా కళ్ళు తుడుచుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఏర్‌పోర్ట్ అధికారి రాజవ్వ సంచిలోంచి గవ్వ తీశాడు, బిల్లు చూశాడు.

"ఇందులో పేరు సీమా అని ఉంది. ఎవరు?"

వెనక పెద్ద వరస. నేను నోరు తెరిచేలోగా రాజవ్వ హిందీలో అందరికీ వినబడేలా చెప్పింది.

"పగలగొట్టింది నేను సాబ్. ఇచ్చింది నా కోడలు."